ఆరు కొండలూ ఒక పేరూ: మొలారా ఒగుండిపే స్త్రీవాదంపై పునఃపరిశీలన

ఆఫ్రికన్ స్త్రీవాదంపై మన ఇంగ్లీషు శాఖల్లో వచ్చే సిద్ధాంత గ్రంథాలన్నీ రెండో అధ్యాయానికి వచ్చేసరికి ఒకే దారి పడతాయి. ఆలిస్ వాకర్, చిక్వెన్యే ఒకోంజో ఒగున్యెమి, క్లెనోరా హడ్సన్-వీమ్స్, కాథరిన్ అచోలోను, ఒబియోమా న్నెమెకా. బంతిలో విస్తళ్లు వేసినట్టు తలా ఒక 'ఇజం', తలా ఒక పేరా. ఆ వరసలో ఎక్కడో ఒక మూల మొలారా ఒగుండిపే కనిపిస్తుంది. ఆమెకు దక్కేది 'స్టివానిజం' అన్న మాట, 1994 అన్న సంవత్సరం, ఆ మాటలోని పొడి అక్షరాల వివరణ: ఆఫ్రికాలో స్త్రీలు కూడా భాగమైన సామాజిక పరివర్తన. అంతటితో ఆమెను దాటేసి పోతారు. ఈ వ్యాసం ఆ పేరా మీద ఫిర్యాదు.

ఆ మాట ఉన్న ఆమె పుస్తకం 'రీక్రియేటింగ్ అవర్‌సెల్వ్స్' 1994లో అచ్చయిన మాట నిజమే. అందులో చాలా భాగం అంతకు ముందు దశాబ్దంలోని ఆలోచన. ఆమె సిద్ధాంతానికి ఆయువుపట్టయిన 'ఆరు కొండలు' 1984లోనే వచ్చాయి. వచ్చింది కూడా ఏ సాహిత్య పత్రికలోనో కాదు, 'జర్నల్ ఆఫ్ ఆఫ్రికన్ మార్క్సిస్ట్స్'లో. పేరు పదేళ్ల తరవాత పుట్టింది. మన పరిశోధకులు పేరు దగ్గర మొదలుపెట్టి వెనక్కి చదవబట్టే అందులోని మార్క్సిజం వాళ్ల కంటపడటం లేదు.

1940 డిసెంబరులో లాగోస్‌లో పుట్టడం, ఇబదాన్‌లో ఇంగ్లీషు ఆనర్సులో ప్రథమ శ్రేణి, లైడెన్‌లో కథనశాస్త్రంలో డాక్టరేటు, 2019 జూన్‌లో ఇజెబు-ఇగ్బోలో మరణం: ఇవి ఎక్కడైనా దొరికే వివరాలు. నాకు ముఖ్యం 1977 నుంచి 1984 దాకా నడిచిన కాలం. 1977లో డకార్‌లో ఆఫ్రికన్ మహిళా పరిశోధకుల సంఘం ఏర్పడినప్పుడు ఒగుండిపే వ్యవస్థాపకుల్లో ఒకరు. 1982లో జారియాలోని అహ్మదు బెల్లో విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సు నుంచి 'విమెన్ ఇన్ నైజీరియా' పుట్టినప్పుడూ అంతే. ఈ రెండో సంస్థలో మగవాళ్లకూ సభ్యత్వం ఉండేది. వర్గ దోపిడీ, స్త్రీ అణచివేత ఒకదాన్నుంచి ఒకటి విడదీయరానివని దాని వాదం.

ఒగున్యెమితో నా పేచీ ఇక్కడే. 1985లో స్త్రీల అధ్యయనాలకే పేరుపడ్డ 'సైన్జ్' పత్రికలో ఆమె వాదించింది ఇది: నల్లజాతి నవలాకారిణులు ఫెమినిస్టులు కారు, వుమనిస్టులు, జాతి సమస్యను పక్కనపెట్టి, మగవాణ్ణి బయట నిలబెట్టి మాట్లాడటం వాళ్లకు కుదరదు. మగవాణ్ణి కలుపుకోవాలంటే ఫెమినిజం వదులుకోవాలన్నది ఇందులోని తర్కం. కానీ మూడేళ్ల ముందే జారియాలో నైజీరియా స్త్రీలు మగవాళ్లను కలుపుకున్నారు, ఫెమినిజాన్ని వదల్లేదు. ఒగున్యెమి తన వాదానికి ఆధారాలు నవలల్లో వెతికింది. కార్యకర్తల సమావేశ మందిరం ఆ వ్యాసంలో కనబడదు.

ఇప్పుడు కొండల సంగతి. స్త్రీ వీపు మీది కొండలన్న ఉపమానాన్ని ఒగుండిపే మావో నుంచి తీసుకుని ఆరుకు పెంచింది. బయటినుంచి వచ్చిపడ్డ వలస పాలన, దాని వారసత్వం; సంప్రదాయ వ్యవస్థలు; వలస మిగిల్చిన పేదరికం, అజ్ఞానంలోంచి వచ్చిన వెనకబాటు; మగవాడు; జాతి; చివరిగా ఆమెకు ఆమే. మగవాడు నాలుగో స్థానంలోనూ జాతి అయిదో స్థానంలోనూ ఉన్నాయని గమనించాలి. వరసే ప్రాధాన్యక్రమమని ఒగుండిపే అనలేదనవచ్చు. అయినా జాతిని ముందు నిలిపిన ఒగున్యెమికీ ఆమెకూ మధ్య దూరం ఎంతో ఈ వరస ఒక్కటే చెబుతోంది.

కొండలు విడివిడిగా లేవనడానికి నైజీరియాలోని యోరుబా నగరం అబెయోకుటా కంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. బ్రిటిష్ వాళ్లు అక్కడ ఆలకే, అంటే రాజు, రెండవ అదెమోలా చేతుల మీదుగా పాలించారు. పన్ను ఆడవాళ్లకు వేరుగా ఉండేది. మగపిల్లలకు పదహారో ఏట మొదలైతే ఆడపిల్లలకు పదిహేనో ఏటే. 1940లలో సంతల్లో అమ్ముకునే ఆడవాళ్ల బియ్యం అధికారులు లాక్కునేవారు. ఇందులో వలస పాలన ఎక్కడ ఆగింది, సంప్రదాయం ఎక్కడ మొదలైంది? రాజు సంప్రదాయం, పన్ను సామ్రాజ్యం, వసూలు చేసేవాడు మగవాడు, కట్టేది పూటకూ పూటకూ బేరమాడుకునే బజారు స్త్రీ. ఒక్క రసీదు మీద నాలుగు కొండలు.

ఆ పన్నుకు ఎదురు తిరిగిన స్త్రీల నాయకురాలు ఫున్మిలాయో రాన్సమ్-కుటి మొదట నడిపింది చదువుకున్న క్రైస్తవ గృహిణుల క్లబ్బు. బజారు స్త్రీలు లోపలికి వచ్చాక 1946లో అది అబెయోకుటా మహిళా సంఘమైంది. వాళ్లకు చదువు చెప్పారు. నాయకురాలు పాశ్చాత్య దుస్తులు మానేసి యోరుబా కట్టుకు మారింది. 1947 చివర వేలమంది రాజభవనం ముందు బైఠాయించి, ఆలకేను తిడుతూ పాటలు కట్టారు. 1949 జనవరిలో ఆలకే గద్దె దిగాడు. 1950 ముగిసేలోగా తిరిగి వచ్చాడు కూడా, అది వేరే కథ. క్లబ్బు సంఘంగా మారిన ఆ మలుపే నా దృష్టిలో ఆరో కొండ కదలడం. చదువుకున్న స్త్రీ తన వర్గపు గడప దాటింది.

ఆరో కొండ బాధితురాలి మీదే నేరం మోపుతుందన్న విమర్శ ఉంది. ఆ విమర్శ 'స్త్రీ' అంటే ఏ వర్గపు స్త్రీ అని అడగదు. 1985 నాటి 'సో ది ఓల్డ్ డేస్' కవయిత్రి అయిన ఒగుండిపేయే అంగోలా నాయకుడు అగొస్టీన్యో నెటోకు అంకితమిచ్చిన ఒక కవితలో ఆఫ్రికన్ మధ్యతరగతినే నిలదీసింది. ఆరో కొండలో ఉన్నదీ ఆ మధ్యతరగతే. యోరుబా సమాజంలో లింగభేదం ప్రధాన సూత్రమే కాదన్న ఒయెరోంకె ఒయెవుమి 1997 నాటి వాదన రెండో కొండను కొంత కదిలిస్తుంది. అబెయోకుటా పన్ను పుస్తకాన్ని మాత్రం కదిలించదు.

ఈ లెక్కన న్నెమెకా 2004లో ప్రతిపాదించిన సంప్రదింపుల స్త్రీవాదం రెండో, నాలుగో కొండల దగ్గర జరిగే బేరసారం; అచోలోను మాతృవాదం రెండో కొండనే గుడిగా మార్చడం. 1984 తరవాత ఆఫ్రికన్ స్త్రీవాదంలో వచ్చిన ప్రతి వాదానికీ ఆ ఆరింటిలో ఎక్కడో ఒక చోటు దొరుకుతుంది.

1987లో 'ఆఫ్రికన్ లిటరేచర్ టుడే'లో వచ్చిన వ్యాసంలో ఒగుండిపే రచయిత్రికి మూడు నిబద్ధతలు చెప్పింది: రచయితగా, స్త్రీగా, మూడో ప్రపంచపు మనిషిగా. మన గ్రంథాలు రెండోదాన్ని ఉదహరించి మూడోదాన్ని వదిలేస్తాయి. ఆఫ్రికన్ రచయిత్రులు ఫెమినిస్టులమని చెప్పుకోవడానికి జంకుతున్నారనీ, మగవాళ్ల బెదిరింపు అందుకు కారణమనీ ఆ వ్యాసమే అంటుంది. అదే జంకును ఒగున్యెమి ఒక సౌందర్య సిద్ధాంతంగా నిలబెట్టింది. ఫెమినిజం పేరెత్తితే చాలు వచ్చిపడే ఈ తగాదాను తప్పించుకోవడానికే తాను స్టివా అన్న పేరు పెట్టానని 1994లో ఒగుండిపే స్వయంగా చెప్పింది. మన రెండో అధ్యాయాలు ఆమెను మళ్లీ ఆ తగాదాలోనే కూర్చోబెడుతున్నాయి.