పింగ్

పింగ్ అనేది ఐపీ నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి దారి ఉందో లేదో, సందేశం వెళ్ళి రావడానికి ఎంత సమయం పడుతుందో తెలిపే పరీక్షా సాధనం. అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో మైక్ మూస్ 1983 డిసెంబరులో, అక్కడి నెట్‌వర్క్‌లో తలెత్తిన లోపాన్ని వెతికే సందర్భంలో, జలాంతర్గాముల సోనార్ సూత్రాన్ని అనుసరించి దీనిని రూపొందించాడు. 1981 సెప్టెంబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 792 పత్రంలో జాన్ పోస్టెల్ నిర్వచించిన ఐసీఎంపీ నియమావళి దీనికి ఆధారం. పంపేది 8వ రకం సందేశం, తిరిగి వచ్చేది 0 రకం సందేశం.

వెబ్ సేవ అందనప్పుడు మొదట వాడేది పింగే అయినా, దాని ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. ఐసీఎంపీకి పోర్టులు, అనగా ఒకే యంత్రంలోని వేర్వేరు సేవలను గుర్తించే సంఖ్యలు, లేవు. వెబ్ సేవలు సాధారణంగా టీసీపీ 80 లేదా 443 పోర్టుల్లో నడుస్తాయి. అందువల్ల పింగ్‌కు జవాబు వచ్చినా సేవ ఆగి ఉండవచ్చు, ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డగించినప్పుడు జవాబు రాకున్నా సేవ నడుస్తూ ఉండవచ్చు. అంకెల చిరునామాకు జవాబు వచ్చి, పేరుతో రాకపోతే లోపం సాధారణంగా పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్‌లో ఉంటుంది.

తరువాతి ఆధారం సేవ నడిచే పోర్టుకు టీసీపీ ద్వారా కనెక్షన్ కోసం చేసే ప్రయత్నంలో దొరుకుతుంది. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వెంటనే తిరస్కారం వస్తే, సాధారణంగా యంత్రం అందుబాటులో ఉన్నా ఆ పోర్టులో ఏ ప్రోగ్రామూ వేచి లేదని అర్థం. గడువు ముగిసేదాకా ఏ జవాబూ రాకపోతే ఫైర్‌వాల్‌నో, తెగిన దారినో అనుమానించాలి. సేవ, యంత్రం తనను తానే సూచించుకునే 127.0.0.1 చిరునామాకే కట్టుబడి ఉంటే సొంత యంత్రంలో చక్కగా తెరుచుకుని, పక్క యంత్రానికి మాత్రం అందదు.