వ్యక్తిగత ఖాతాల్లో చెల్లింపు ప్రకటనలు: దండోరా నుంచి సామాజిక మాధ్యమాల దాకా

వ్యాససంగ్రహం:
సామాజిక మాధ్యమాల్లోని వ్యక్తిగత ఖాతాలు నేడు వ్యాపార ప్రకటనలకు వేదికలయ్యాయి. డబ్బు తీసుకొని చెప్పిన మాటను సొంతమాట నుంచి వేరుచేసే గుర్తు వివిధ కాలాల్లో ఎలా ఏర్పడిందో పరిశీలించి, తెలుగు ఖాతాల్లో ఆ గుర్తు తెలుగులోనే ఉండాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రకటన, దండోరా, సామాజిక మాధ్యమాలు, చెల్లింపు వెల్లడి, వినియోగదారుల హక్కు.

1. ఉపోద్ఘాతం:
పూర్వం పల్లెల్లో ముఖ్యమైన సంగతులను దండోరా వేసి చాటించేవారు. చాటే మనిషి ఊరందరికీ తెలిసినవాడే. అయినా అతడు చెప్పేది తన సొంతమాట కాదని డప్పు చప్పుడే తెలియజేసేది. నేటి వ్యక్తిగత ఖాతాలో పండుగ ఫొటో, పిల్లల ముచ్చట, ఒక తలనూనె ప్రశంస ఒకే వరుసలో, ఒకే గొంతుతో వస్తాయి. ఖాతాదారు తన పోస్టును ఎక్కువమందికి చేర్చమని మాధ్యమసంస్థకు డబ్బు కడితే, ఆ సంస్థే దానిపై గుర్తు వేస్తుంది. వర్తకుడి వద్ద డబ్బు తీసుకొని ఖాతాదారే ప్రశంస రాసినప్పుడు ఆ సంగతిని చెప్పవలసిన బాధ్యత ఖాతాదారుదే. చిక్కంతా ఈ రెండో పద్ధతిలోనే ఉంది.

2. పత్రికల కాలం:
కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం సంస్థను స్థాపించి, 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. ఔషధవ్యాపారం ఆదాయమే పత్రికకు అండ. వర్తకుడూ పత్రికాధిపతీ ఒక్కరేనన్నది బహిరంగవిషయం. పత్రికలో అమ్ముడయ్యేది స్థలం మాత్రమే; ప్రకటన చుట్టూ ఉన్న గీతే దానికి హద్దు. ఆ హద్దు చెరిపి, డబ్బిచ్చిన రాతను వార్తలా అచ్చువేసినప్పుడే సమస్య. అమెరికా 1912లోనే దీనిపై చట్టం చేసింది. తపాలా రాయితీ పొందే పత్రికలు డబ్బు తీసుకొని వేసిన రాతపై ‘ప్రకటన’ అని స్పష్టంగా ముద్రించాలని ఆదేశించింది. పత్రికలు సవాలు చేయగా, 1913లో ఆ దేశ సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది.

3. ఖాతాల కాలం:
2006లో అమెరికాలో పే పర్ పోస్ట్ సంస్థ బ్లాగు రచయితలకు టపాకు ఇంత అని చెల్లించే పద్ధతిని తెచ్చింది. ఇక్కడ అమ్ముడైంది స్థలం కాదు, రచయిత గొంతు. పాఠకుడు అతనిపై పెంచుకున్న నమ్మకం. 2009లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలను సవరించి, బ్లాగు రచయితలు కూడా చెల్లింపును వెల్లడించాలని స్పష్టం చేసింది. 2017లో ఇన్‌స్టాగ్రామ్ చెల్లింపు భాగస్వామ్యాన్ని తెలిపే గుర్తును ప్రవేశపెట్టింది.

మనదేశంలో ప్రకటనల స్వీయనియంత్రణ సంస్థ ఆస్కీ 2021లో ఇటువంటి నియమాలను ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో మరింత వివరమైన సూచనలిచ్చింది. వాటి ప్రకారం వీడియోలో వెల్లడి కంటికి కనిపించాలి, చెవికి వినిపించాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిసిపోకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 రూ. 10 లక్షల వరకు, మళ్ళీ చేస్తే రూ. 50 లక్షల వరకు జరిమానా నిర్దేశించింది.

4. తెలుగు సందర్భం:
ఈ చర్చ తెలుగునేలకు దూరమైనది కాదు. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. అయినా బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారంటూ సినీతారలపై, సామాజిక మాధ్యమ ప్రముఖులపై 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు కేసులు నమోదు చేశారు. నిషిద్ధమైనదానికి ఏ గుర్తూ రక్షణ కాదు. అయితే చట్టబద్ధమైన సరుకు విషయంలోనూ తెలుగు ప్రేక్షకుడికి ఒక ఇబ్బంది మిగిలే ఉంది. ఆస్కీ నియమం గుర్తును ఇంగ్లీషులో గాని, ప్రకటన భాషలో గాని వేయవచ్చంటుంది. మాటలన్నీ తెలుగులో నడిచి, డబ్బు సంగతి ఒక్కటే చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే, ఇంగ్లీషు చదవలేని ప్రేక్షకుడికి ఆ గుర్తు ఉన్నా లేనట్టే.

5. ముగింపు:
దండోరాకు డప్పు, పత్రికకు గీత గుర్తులైనట్లే వ్యక్తిగత ఖాతాకూ ఒక గుర్తు అవసరం. ‘ఇది ప్రకటన, ఇందుకు నేను డబ్బు తీసుకున్నాను’ అనే తెలుగు వాక్యం పోస్టు మొదట్లోనే ఉండాలి. ఏ భాషలో నమ్మకాన్ని సంపాదించారో, ఆ భాషలోనే నిజం చెప్పడం న్యాయం.