అరేలియా (కుండీ మొక్క): సమస్యలు, చికిత్స

తెలుగునాట నర్సరీల్లో అరేలియా పేరుతో అమ్మే మొక్కలు దాదాపు అన్నీ శాస్త్రరీత్యా అరేలియాలు కావు, పాలీసియాస్ ప్రజాతివి. రెండూ అరేలియేసీ కుటుంబానివే. ఆంగ్ల నావికుడు కుక్ రెండో సముద్రయాత్రలో వెళ్లిన జర్మన్ తండ్రీకొడుకులు, యోహాన్ రైన్‌హోల్డ్ ఫార్‌స్టర్, గియోర్గ్ ఫార్‌స్టర్, పాలీసియాస్ ప్రజాతికి పేరు పెట్టారు. వారి గ్రంథం ముఖపత్రంపై 1776 అని ఉంది. అయితే 1775 చివరికే కొన్ని ప్రతులు బయటికి వచ్చాయన్న వాదం బలమైనది కాబట్టి ఇటీవలి వృక్షనామ సూచికలు 1775నే చూపుతున్నాయి.

కొత్తిమీరలా సన్నగా చీలిన ఆకులది మింగ్ అరేలియా (పాలీసియాస్ ఫ్రూటికోసా). లిన్నేయస్ 1763లో దీన్ని జిన్‌సెంగ్ ప్రజాతి అయిన పానాక్స్‌లో చేర్చగా, తర్వాత వృక్షశాస్త్రజ్ఞుడు హార్మ్స్ ఇప్పటి స్థానానికి మార్చాడు. కంచెగా పెంచే గిల్‌ఫాయిలీ రకానికి మెల్‌బోర్న్ వృక్షోద్యాన సంచాలకుడు విలియం గిల్‌ఫాయిల్ పేరు పెట్టారు. గుండ్రని ఆకులకు తెల్లని అంచుండే రకాన్ని నర్సరీవారు నేటికీ బాల్ఫోరియానా అనే పిలుస్తారు. శాస్త్రజ్ఞులు దాన్ని పాలీసియాస్ స్కుటెల్లేరియాలో కలిపేశారు. దుకాణాల్లో అరేలియా పేరుతోనే దొరికే ఫాట్సియా జపాన్, కొరియాల మొక్క, చల్లదనాన్ని కోరుకుంటుంది. న్యూ కాలెడోనియా నుంచి వచ్చిన ‘ఫాల్స్ అరేలియా’ ప్లెరాండ్రా ప్రజాతిది. ఒకదానికి రాసిన చికిత్సను మరొకదానికి చేయడం వల్ల చచ్చిన మొక్కలు తక్కువేమీ కావు. అందుకే ముందు పేరు తేల్చుకోవాలి. కింది వివరణ పాలీసియాస్‌కే వర్తిస్తుంది.

ఆకు రాలడం

పెంచేవారి ఫిర్యాదుల్లో మొదటిది ఇదే. ఈ మొక్క ఆకుకాడ మొదలు కాండాన్ని ఒరలా చుట్టుకొని ఉంటుంది. ఇబ్బంది కలిగితే మొక్క ఆకును అక్కడే విడిచేస్తుంది. కాండం మీద ఉంగరంలాంటి మచ్చ మిగులుతుంది. రాలిన ఆకును ఊడ్చేసే ముందు చేతిలోకి తీసుకొని చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. కింది ఆకులు పసుపుబారి మెత్తగా రాలుతూ, మట్టి తడిగా ఉంటే నీరెక్కువైనట్టు. ఆకు పెళుసుగా ఎండి, కుండీ ఎత్తితే తేలికగా వస్తే నీరు చాలనట్టు. పచ్చి ఆకు మచ్చా మరకా లేకుండా, ముట్టుకుంటేనే ఊడివస్తే అది చాలావరకు చోటు మారడం వల్లనో చలి వల్లనో అయి ఉంటుంది. సుమారు 15 డిగ్రీల కంటే చల్లని రాత్రులు దీనికి పడవు. ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికీ దిగుతుంది కనుక అక్కడ కుండీలను రాత్రిపూట లోపల పెట్టుకోవాలి.

విదేశీ తోటపని పుస్తకాలు ఆకురాల్పుకు మొదటి కారణంగా గాలిలో తేమ లేకపోవడాన్నే చెబుతాయి. చలికాలమంతా హీటర్లు నడిచే ఇళ్లను దృష్టిలో పెట్టుకొని రాసిన మాట అది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల్లో గాలికి తేమ కొరత ఉండే రోజులు తక్కువ. అక్కడ ఆకు రాలితే వేరు వైపు చూడటమే సబబు. అనంతపురం, హైదరాబాదు వేసవుల్లోనూ, ఏసీ గాలి సూటిగా తగిలే గదుల్లోనూ తేమవాదానికి బలముంది. గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోసి కుండీని దానిపై ఉంచమన్న సలహా ప్రసిద్ధమే గాని దానివల్ల మేలు స్వల్పమనే చెప్పాలి. నాలుగైదు కుండీలను దగ్గరగా చేర్చి పెట్టడం అంతకంటే నయం.

నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను హాలులో ఓ మూల పెడితే రెండు మూడు వారాల్లో చాలా ఆకులు రాల్చవచ్చు. ఇది రోగం కాదు. కొత్త వెలుతురుకు సరిపడే ఆకులు మళ్లీ వస్తాయి. అసలు ప్రమాదం ఆ తర్వాత జరిగేదానిలో ఉంది. ఆకులు తగ్గిన మొక్క నీళ్లు తక్కువ తాగుతుంది. పెంచేవారు కంగారుపడి ఇంకా ఎక్కువ పోస్తారు. మట్టి ఆరదు, పిథియం వంటి శిలీంధ్రసదృశ జీవులు చేరి వేరు కుళ్లుతుంది. వేరుకుళ్లు వచ్చిన మొక్క తడి మట్టిలోనే వాడిపోతుంది. దాహం అనుకొని మళ్లీ నీళ్లు పోస్తారు.

మట్టి

కడియం, కడియపులంక ప్రాంతపు నర్సరీల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు గోదావరి ఒండ్రుమట్టి ముద్దలో ఉంటాయి. లారీ ప్రయాణంలో వేరు చెదరకుండా ఆ మట్టి పట్టి ఉంచుతుంది. అందువల్ల నర్సరీవారిని తప్పుపట్టనవసరం లేదు. చిక్కల్లా ఆ ముద్దను అలాగే తీసుకెళ్లి కోకోపీట్ కలిపిన వదులు మట్టిలో పెట్టినప్పుడే. ముద్ద ఎండి గట్టిపడితే పోసిన నీరు చుట్టూ ఉన్న వదులు మట్టిలోంచి జారి కింది రంధ్రాల గుండా వచ్చేస్తుంది. చూసేవారికి మొక్క కడుపునిండా తాగినట్టే ఉంటుంది. తడిస్తే అదే ముద్ద రోజుల తరబడి ఆరదు. పైమట్టిని బట్టి ఏదీ చెప్పలేం. చీపురుపుల్లను ముద్దలోకి గుచ్చి, కాసేపు ఉంచి తీసి చూడాలి.

మట్టి మొత్తం కడిగేసి నాటమనేవారు ఉన్నారు. అయితే ముద్దను గంటసేపు నీళ్లలో నానబెట్టి, చుట్టూ మూడో వంతు మాత్రం వేళ్లతో రాల్చి నాటే పద్ధతి ఎక్కువ క్షేమం. వానాకాలం మొదట్లో చేస్తే మరీ మంచిది.

బోరునీటి లవణాలు కుండీ అంచున తెల్లగా పేరుకొని, ఆకుల కొసలు మాడిపోతాయి. నెలకోసారి నీరు ధారగా పోసి కిందికి పోనివ్వాలి.

పురుగులు, తెగుళ్లు

కాండం మీద వరసగా లేతరంగు బుడిపెలు కనిపిస్తే పొలుసుపురుగు అని భయపడి మందు కొట్టేవారు చాలామంది. అవి చాలాసార్లు మొక్క గాలి పీల్చుకొనే రంధ్రాలే. గోటితో గీరి చూడాలి: పొలుసుపురుగు ఊడివస్తుంది, బుడిపె ఊడదు.

ఎండాకాలపు అసలు శత్రువు ఎర్రనల్లి. ఆకుపై సూదితో పొడిచినట్టు తెల్లని చుక్కలు, అడుగున సన్నని గూడు కనిపిస్తాయి. కొమ్మను తెల్లకాగితం మీద తట్టితే రాలిన నలుసులు కదులుతాయి. ఇది కీటకం కాదు, ఎనిమిది కాళ్ల జీవి. ఇమిడాక్లోప్రిడ్ వంటి కీటకనాశనులు దీనిపై పనిచేయవు. కొన్ని పంటల్లో ఆ మందు వాడాక నల్లి పెరిగినట్టు పరిశోధకులు గమనించారు కూడా. ఆకుల అడుగుభాగాన్ని నీటిధారతో కడగడం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లడం మొదటి చికిత్స. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి వారంలోపు మళ్లీ చేయాలి. గంధకపు మందులు నల్లిని చంపుతాయిగాని మండువేసవిలో ఆకునూ మాడుస్తాయి.

పిండినల్లి ఆకుకాడ ఒరలో దాక్కుంటుంది. చీమల బారు కనిపిస్తే అక్కడ వెతకాలి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవడం చాలు.

ఆల్టర్‌నేరియా శిలీంధ్రం, జాంథోమోనాస్ బాక్టీరియా ఆకుమచ్చలు తెస్తాయి. రెండూ తడి ఆకుపైనే విజృంభిస్తాయి. ఇంట్లో మచ్చను బట్టి వాటిని విడదీయడం కష్టం. మచ్చల ఆకులు తీసేసి, పైనుంచి నీళ్లు చల్లడం మానాలి.

వియత్నాంలో మింగ్ అరేలియా లేతాకులు తింటారు, వేరును మందుగా వాడతారు. అయినా పాలీసియాస్‌లో సాపోనిన్లు ఉన్నాయి. రసం తగిలి దద్దుర్లు వచ్చే మనుషులున్నారు, కుక్కలకూ పిల్లులకూ పడదంటారు. కత్తిరించాక చేతులు కడుక్కోవాలి.

వేరు పూర్తిగా కుళ్లిన మొక్కకు మందు లేదు. పైన గట్టిగా ఉన్న కొమ్మలను పెన్సిల్ మందాన, జానెడు పొడవున కత్తిరించి, ఆకులు చాలావరకు తీసేసి, ఇసుక కలిపిన తేమమట్టిలో నీడన నాటితే కొన్నైనా వేరు తొడుగుతాయి. కత్తిరించిన చోట మధ్యలో గోధుమరంగు చార కనిపిస్తే, అది పోయేదాకా ఇంకా పైకి కోయాలి.