గొలుసు రంపపు బార్ సవరణ

గొలుసు రంపంలో కోత గొలుసు తిరగడానికి ఆధారమైన చదునైన ఉక్కు పలకను గైడ్ బార్ అంటారు. దాని అంచు పొడవునా ఒక గాడి, గాడికి ఇరువైపులా పట్టాలు ఉంటాయి. రాపిడి వల్ల, ముఖ్యంగా నూనె చాలనప్పుడు, పట్టాలు అరిగి వాటి వెలుపలి అంచులలో పలుచని లోహపు రేకు పొడుచుకువస్తుంది. ఒక పట్టా రెండవదానికంటే ఎక్కువగా అరిగితే గొలుసు పక్కకు ఒరిగి కోత వంకరపోతుంది. ఈ లోపాలను సరిదిద్దడమే బార్ సవరణ.

ముందుగా బార్‌ను విప్పి, గాడిలో పేరుకున్న పొట్టును, నూనె రంధ్రాన్ని శుభ్రం చేసి, వైస్‌లో బిగించి, పక్కలకు పొడుచుకువచ్చిన రేకును చదునైన ఆకురాయితో తొలగిస్తారు. పిదప ఆకురాయిని బార్ పక్కతలానికి లంబంగా నిలిపి ఉంచే బార్ డ్రెస్సర్ అనే పనిముట్టును అంచు వెంట నడిపి, రెండు పట్టాలనూ సమాన ఎత్తుకు తెస్తారు.

గాడి వెడల్పు గొలుసు గేజికి, అంటే గాడిలో నడిచే డ్రైవ్ లింకుల మందానికి, సరిపోవాలి. ఇది సాధారణంగా 1.3, 1.5 లేదా 1.6 మిల్లీమీటర్లు ఉంటుంది. డ్రైవ్ లింకుల కొనలు గాడి అడుగును తాకేంతగా లోతు తగ్గిన బార్ సవరణకు పనికిరాదు కనుక దానిని మార్చవలసిందే. బార్‌ను తరచు తలకిందులు చేసి బిగిస్తే రెండు అంచులూ సమంగా అరిగి, దాని మన్నిక పెరుగుతుంది.