కడలిలో తేలెడి క్రొత్త కాపురములు

1933వ సంవత్సరమున విశాఖపట్టణపు రేవు సముద్రయానపు ఓడలకు తెరువబడినది. ఆ యేడే ఇంగ్లండులోని యొక ప్రయోగశాలలో పాలిథీన్ అను పదార్థము అనుకోకుండ బయటపడినది. ఈ రెంటికిని సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చును. దానినే నేడు మేము మనవి చేయదలచితిమి.

సముద్రములో ఏ వస్తువును వట్టిగా నిలువదు. కొయ్యగాని, ఇనుముగాని నీట మునిగిన కొలది గంటలకే దానిపై కంటికి కానరాని పొర యేర్పడును. దానిపై మొదట బాక్టీరియా, పిమ్మట డయాటములనెడి సూక్ష్మమైన నాచు, ఆపైన గుల్లజీవుల పిల్లలు చేరును. ఓడ బరువెక్కి వేగము తగ్గును. విశాఖ రేవులో ఈ కాపురముల తీరును ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన గణపతి, లక్ష్మణరావు, నాగభూషణముగార్లు పరిశీలించి 1958లో ప్రకటించిరి. అప్పటి చింత ఓడలను గూర్చియు, కొయ్యను గూర్చియు. కొయ్యకైన నొక అంతము కలదు. తొలిచెడి జీవులు దానిని క్రమముగా పొడిచేయును. దానితో ఆ కాపురమును చెదరును.

1961లో గోపాలపట్నము చెంత హిందుస్థాన్ పాలిమర్స్ కర్మాగారము స్థాపింపబడినది. పాలిస్టైరీన్ అచ్చట తయారైనది. పిమ్మట ఎల్.జి. పాలిమర్స్ అను పేరు దాల్చిన ఆ కర్మాగారమునుండియే 2020 మే 7వ తేదీన స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. ఆ తెల్లవారుజామును ఊరు మరువలేదు. అయితే ప్లాస్టిక్కు వలని కీడెల్ల ఇట్లు ఒక్క పెట్టున వచ్చునని తలపరాదు.

1972లో అమెరికా ఈశాన్య తీరజలములలో సగటున అర మిల్లీమీటరు వ్యాసము గల పాలిస్టైరీన్ పూసలను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. వాటిపై బాక్టీరియా కాపురముండెను. కొన్ని జాతుల చేపల కడుపులలోను ఆ పూసలు దొరికెను. 2013లో జెట్లర్, మిన్సర్, అమరాల్-జెట్లర్ అనువారు ఉత్తర అట్లాంటిక్కులో ఏరిన ముక్కలను పరీక్షించి, వాటిపై నివసించు జీవసమాజమునకు ప్లాస్టిస్ఫియర్ అని పేరిడిరి. ఒక ముక్కపై సుమారు 24 శాతము విబ్రియో జాతి బాక్టీరియాయే. విబ్రియోలన్నియు రోగకరములు కావు. కాని కలరా సూక్ష్మజీవి ఆ కుటుంబములోనిదే.

కొయ్యకును ప్లాస్టిక్కునకును భేద మిచ్చటనే కలదు. పాలిథీన్ సంచి, నురుగు పాలిస్టైరీన్ నీటిపై తేలును, సులభముగా జీర్ణింపవు. పైనున్న జీవులు బరువెక్కి ముంచువరకు, వాటిని మోసికొని ఏండ్ల తరబడి దూరతీరములకు పోగలవు.

గోపాలపట్నమునకు దాపున మేఘాద్రి గెడ్డ కలదు. వానలకు పొంగిన ఆ నీరు రేవులోనికే చేరును. 1958నాటి పండితులు ఓడను ఏ జీవులు పట్టుకొనునని ప్రశ్నించిరి. నేడు మన వీథినుండి గెడ్డలో పడిన సంచి ఏ జీవులను ఎచ్చటికి చేర్చునని మనము ప్రశ్నింపవలసియున్నది. దానిని గట్టుననే ఆపుట మనకు సాధ్యము; కడలిపాలైన పిదప ఏరి తెచ్చుట కడు కష్టము.