మా నాగయ్యగారి ముచ్చట

నాగయ్యగారంటే ఎవరని అడిగావు చూడు, మా కాలంలో ఆ మాట ఎవరైనా అని ఉంటే ఊళ్ళో ఆడవాళ్ళు వాడికి గాలి సోకిందనుకుని దిష్టి తీసేవారు. నీ తప్పేం లేదులే. ఆ రెండు పుల్లలూ మంటలోకి తోసి ఇటొచ్చి కూర్చో. ఫోను ఆ గూట్లో పెట్టు. ఇది నాలుగు ముక్కల్లో తేలే కథ కాదు.

ఆయన పుట్టింది మన రేపల్లెలో, 1904లో. ఇంటిపేరు ఉప్పలదడియం. పేరు మాత్రం చిత్తూరువాళ్ళకి దక్కింది. అక్కడి రామవిలాస సభ నాటకాల్లో వేషాలు వేసి, పాడి పైకొచ్చారు గనక చిత్తూరు నాగయ్య అయ్యారు. ఈ సంగతి మా వైపు పెద్దలకి తీరని కొరత. కన్నది మనమైతే పేరు వాళ్ళదేమిటని రచ్చబండ మీద తెగ వాపోయేవారు. అలా వాపోయినవాళ్ళలో ఒక్కడైనా ఆయన్ని పసితనంలో ఎత్తుకున్న పాపాన పోలేదు! సినిమాల్లోకి రాకముందు నాగయ్యగారు పత్రికల్లో పనిచేశారు, గ్రామఫోను రికార్డులిచ్చారు, కాంగ్రెసు ఉద్యమంలో తిరిగారు. 1938లో హెచ్.ఎం.రెడ్డిగారి ‘గృహలక్ష్మి’తో తెరమీదికి వచ్చేనాటికి ఆయనకి ముప్పై నాలుగేళ్ళు.

ఆయన చేసిన పని నీకు తెలియాలంటే ముందు మా నాటకాల సంగతి తెలియాలి. అప్పట్లో పద్యం ఎత్తుకున్నవాడు ఓ పట్టాన దింపేవాడు కాదు. రాగం సాగదీసి సాగదీసి, జనం చప్పట్లు కొట్టి ‘వన్స్ మోర్’ అంటే మళ్ళీ మొదటికొచ్చేవాడు. యుద్ధంలో చచ్చి పడ్డవాడు కూడా ‘వన్స్ మోర్’ వినపడగానే లేచి, పంచె దులుపుకుని, పద్యం ఇంకోసారి పాడి మళ్ళీ చచ్చిపోయేవాడు. నవ్వకు. మేమూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం, అయినా చప్పట్లు కొట్టేవాళ్ళం. మైకులు అంతంతమాత్రం గనక వాళ్ళకి ఆ గొంతు కావాలి. చివర కూర్చున్న ముసలమ్మకి కూడా వినపడాలి కదా.

ఆ నటులే సినిమాల్లోకి వెళ్ళారు, వెళ్తూ వెళ్తూ ఆ గొంతునీ వెంట తీసుకెళ్ళారు. మైకు మూరెడు దూరంలో ఉన్నా ముసలమ్మకి వినిపించినట్టే అరిచేవారు. నాగయ్యగారు అరవలేదు. ఇంట్లో అరుగుమీద కూర్చుని పక్కవాడితో మాట్లాడినట్టు మాట్లాడారు, పూజగదిలో తనకోసం తాను పాడుకున్నట్టు పాడారు. ఇందులో ఏముందంటావు, ఇవాళ అందరూ అలాగే చేస్తున్నారు గనక. చెయ్యడం మొదలుపెట్టినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉన్నారు, అదీ సంగతి.

వాహినీవాళ్ళ మొదటి సినిమా ‘వందేమాతరం’ 1939లో వచ్చింది. బి.ఎన్.రెడ్డిగారు తీశారు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడిగా ఈయన, పక్కన కాంచనమాల. సంగీతం కూడా ఈయనదే. ఆ మరుసటేడు ‘సుమంగళి’లో వీరేశలింగంగారి పోలికలున్న ముసలి పంతులు వేషం. హీరోగా జనం నెత్తిన పెట్టుకున్న మనిషి, నలభై నిండకుండానే నెరిసిన జుట్టు పెట్టుకుని కూర్చున్నారు. తరవాత 1943లో కె.వి.రెడ్డిగారి ‘భక్త పోతన’. జపానువాడు బాంబులేస్తాడన్న భయంతో మద్రాసు సగం ఖాళీ అయిన రోజుల్లో మధ్యలో ఆగి, మళ్ళీ మొదలై పూర్తయిన సినిమా అది.

మా ఊరికి అది వచ్చేసరికి కొన్నేళ్ళు పట్టింది. బొమ్మ నిండా గీతలు, వర్షం కురుస్తున్నట్టుండేది. టూరింగు టాకీసు అంటే నీకేం తెలుసు? కోతలైపోయిన చేలో డేరా వేసేవారు. పొద్దున్నే డప్పు వాయిస్తూ ఎడ్లబండి ఊరంతా తిరిగి రంగు కాగితాలు విసిరేది. మేము బండి వెనక పరుగులు. నేల టికెట్టు రెండణాలు, బెంచీ పావలా, కుర్చీ అర్ధరూపాయి. నేలంటే నిజంగా నేలే, ఇసక. కాస్త గుట్టగా పోసుకుని దానిమీద కూర్చుంటే ముందువాడి తలపాగా అడ్డం రాదు. వెనకవాడు మాత్రం తిట్లు లంకించుకునేవాడు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య అడ్డుతెర. బొమ్మ మొదలవగానే ఆ తెర తీసేవారు, రీలు మార్చడానికి దీపాలు వెలిగించినప్పుడల్లా మళ్ళీ లాగేవారు. మిషను ఒక్కటే గనక రీలు రీలుకీ విశ్రాంతే. ఆ సందుల్లో గోలీసోడాలు, వేరుశనక్కాయలు, అణాకో పాటల పుస్తకం. చదువురానివాళ్ళు కూడా ఆ పుస్తకం కొని, చదువుకున్న పిల్లల్ని పట్టుకుని పాడించుకునేవారు. నాకు అలా బోలెడు మరమరాలు ముట్టాయి. మరమరాల దగ్గర మొదలెడితే తెల్లారుతుంది, మళ్ళీ పోతన దగ్గరికి వద్దాం.

తెరమీద నాగయ్యగారు కనపడగానే నేలమీద కూర్చున్నవాళ్ళు చెప్పులు విప్పేవారు. వేసుకున్నవాళ్ళే తక్కువనుకో. మా వీధి చివరి అవ్వ ఒకావిడ కొంగులో కర్పూరం ముడివేసుకొచ్చి, డేరా అంటుకుంటుందని టాకీసువాడు మొత్తుకుంటున్నా వినకుండా తెరముందుకు వెళ్ళి హారతిచ్చింది. వాడు ఇసక పోసి ఆర్పితే, పోతనగారి హారతి ఆర్పినవాడివి బాగుపడవని శాపనార్థాలు పెట్టింది. ఇది మా ఊరి పిచ్చి ఒక్కటే కాదు. ఆయన స్వయంగా ఏ ఊరు వెళ్ళినా కాళ్ళకి మొక్కేవారు, హారతులు పట్టేవారు. వేషానికీ మనిషికీ మధ్య గీత జనం చెరిపేశారు.

1946లో ‘త్యాగయ్య’ సొంతంగా తీశారు. దర్శకుడు, నటుడు, సంగీతం అన్నీ ఆయనే. ఆ పేరు తెచ్చిన డబ్బుతో తిరువయ్యారులో త్యాగరాజ నిలయమని సత్రం కట్టించారు. సినిమాకి లక్ష రూపాయలు పుచ్చుకునే నటుడని ఊళ్ళో కథలుగా చెప్పుకునేవారు. తులం బంగారం వంద రూపాయల లోపు ఉన్న రోజులవి, లెక్క నువ్వే కట్టుకో. వచ్చింది వచ్చినట్టు పెట్టేశారు. మద్రాసులో ఆయనింటికి ఎవరు వెళ్ళినా ఆకు వేసేవారు. అడిగినవాడికి లేదనడం ఆయనకి రాదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఆయన అడక్కుండానే పెట్టిన రకం. వ్యవహారం తెలియదు, రాసుకున్న కాగితాలు లేవు. 1953లో ‘నా ఇల్లు’ తీస్తే దెబ్బతిన్నారు. ఏళ్ళ తరబడి తీసిన ‘రామదాసు’ 1964లో వచ్చింది. అందులో కబీరుగా గుమ్మడిగారు వేస్తే ఆయనకి మహమ్మద్ రఫీ చేత పాడించారు. తన చేతిలో డబ్బు ఆడకపోయినా పాట దగ్గర మాత్రం రాజీ పడలేదు చూశావా! బెల్లమున్నంతసేపే ఈగలని మా నాయనమ్మ అనేది. ఆయన ఆకులో తిన్నవాళ్ళలో ఎంతమంది ఆయన గుమ్మం మళ్ళీ తొక్కారో వాళ్ళకే తెలియాలి.

ఇదిగో, ఇక్కడికి రాగానే అందరూ అయ్యో అంటారు. ఇంత సంపాదించి అంతా పోగొట్టుకున్నాడు, చివరికి చిన్న చిన్న వేషాలు వేశాడు అని. నాకు ఒళ్ళు మండేది అక్కడే. కలిమి లేములు కావడి కుండలు, అవి ఎవరింటనైనా ఊగేవే. ఆ చిన్న వేషాలు నువ్వు చూశావా? 1956లో ‘తెనాలి రామకృష్ణ’లో తిమ్మరుసు. 1957లో ‘పాండురంగ మహాత్మ్యం’లో కొడుకు చేతిలో నానా పాట్లు పడే తండ్రి. 1963లో ‘లవకుశ’లో వాల్మీకి. ఒకప్పుడు తన పేరు చెప్పి సినిమాలమ్మిన మనిషి, కుర్ర హీరోల పక్కన నిలబడి, తన వంతు నాలుగు మాటలు తన పద్ధతిలో మెల్లగా చెప్పి తప్పుకున్నారు. ఆ తండ్రిని చూసి మా నాన్న ఇంటికొచ్చి చాలాసేపు పలకలేదు, తాతయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పెద్ద వేషం వేసినా ఇంతకన్న ఏం జరగాలి? దానాల కథ చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఆయన పనితనాన్ని జనం మరిచిపోయారు. దాత చాలామందే ఉంటారు నాయనా, అలాంటి నటుడు అరుదు.

1965లో పద్మశ్రీ ఇచ్చారు. 1973 డిసెంబరు 30న మద్రాసులో పోయారు. మరునాడు పేపరు వచ్చాక రచ్చబండ మీద ఎవరూ చిత్తూరు, రేపల్లె అని వాదించుకోలేదు.

నిద్రొస్తోందా? వెళ్ళేముందు ఒక్క మాట. ఆ ఫోనులో నువ్వు చూడనిదంటూ లేదంటావు గదా, రేపు 1947 నాటి ‘యోగి వేమన’ పెట్టి చూడు. కె.వి.రెడ్డిగారే తీశారు. అన్న కూతురు జ్యోతి అంటే వేమనకి ప్రాణం. ఆ పిల్ల పోయాక ఆయన్ని చూడు. గుండెలు బాదుకోడు, జుట్టు పీక్కోడు. మొహంలో ముందు ఏమీ కనపడదు. తరవాత కళ్ళు ఎటో వెళ్ళిపోతాయి, ఆపైన గొంతు వస్తుంది. బొమ్మ పాతది, మెల్లగా నడుస్తుంది, మధ్యలో ముందుకు జరపకు. అంతా చూశాక వచ్చి నాతో మాట్లాడు.