లంక పాము శేషాచలంలో: ఆధారాలు, నిర్ధారణలు

‘ఫలానాది ఇక్కడ లేదు’ అనే మాట చరిత్రలో తరచూ వింటాం. ఆ మాటకు ఆధారం ఏమిటని అడగడం చరిత్ర విద్యార్థి మొదటి బాధ్యత. అరుదైన ఒక చిన్న పాము కథతో దీనిని పరిశీలిద్దాం.

1943లో మాల్కం స్మిత్ అనే శాస్త్రవేత్త శ్రీలంకలోని ఒక ఎగిరే పాముకు ‘క్రిసోపెలియా టాప్రోబానికా’ అని పేరు పెట్టాడు. ప్రాచీన గ్రీకులు లంకను టాప్రోబేన్ అనేవారు. ఈ పాము నిజానికి ఎగరదు. పక్కటెముకలు చాచి, ఒంటిని బల్లపరుపుగా చేసి, కొమ్మ మీది నుంచి గాలిలో జారుతుంది. ఏడు దశాబ్దాలపాటు ఇది ఆ ద్వీపానికే పరిమితమని భావించారు. 2015లో మన శేషాచలం అడవుల్లోనూ ఇది ఉన్నట్లు పరిశోధకులు ప్రకటించారు.

మరి సముద్రం ఎలా దాటింది? దాటవలసిన అవసరమే లేకపోవచ్చు. సుమారు 20,000 సంవత్సరాల క్రితం, మంచుయుగంలో, సముద్రమట్టం నేటికన్నా దాదాపు 120 మీటర్లు తక్కువగా ఉండేది. పాక్ జలసంధి లోతు తక్కువ కాబట్టి అప్పుడు లంక మన నేలతో కలిసి ఉండేది. ఇరువైపులా మిగిలిన ఈ పాములు ఆ పాత నేలకు సాక్షులు కావచ్చు. అంటే, మారింది అడవి కాదు, మన రికార్డు.

రికార్డు ఎలా తయారవుతుంది? 1780లలో విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్ పాములను సేకరించి, 1796లో అచ్చయిన తన గ్రంథంలో స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను నమోదు చేశాడు. కట్లపాముల ప్రజాతికి శాస్త్రం వాడే ‘బంగారస్’ అనే పేరు మన ‘బంగారు పాము’ నుంచి వచ్చిందే. ఆ పేర్లు చెప్పినవారు మాత్రం చరిత్రకెక్కలేదు.

ఖమ్మం, భద్రాచలం ప్రాంత విద్యార్థులకు ఇది దూరపు విషయం కాదు. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారిన కూనవరం, చింతూరు, వేలేరుపాడు వంటి మండలాల్లో అనేక గ్రామాలు పోలవరం ముంపు పరిధిలో ఉన్నాయి. అక్కడి కోయలు, కొండరెడ్లు ఊళ్లు వదిలితే, ఏ వాగు ఒడ్డున ఏ పాము తిరిగేదో, దానిని ఏమని పిలిచేవారో తెలిసినవారు చెదిరిపోతారు. నీట మునిగాక ‘అక్కడ ఏమీ లేదు’ అని ఎవరైనా రాస్తే, కాదనడానికి సాక్ష్యం మిగలదు.

అభ్యాసం: మీ ఊరి పెద్దలను అడిగి మూడు పాముల స్థానిక నామాలు, అవి కనిపించే చోట్లు, తేదీతో సహా రాయండి. చెప్పినవారి పేరు తప్పక చేర్చండి. పామును పట్టుకోవద్దు, చంపవద్దు.